లవాన్ టొలెఫ్సన్ వేసిన కుర్చీ

కాస్త జరుగమ్మా మారిట్, నన్నూ కూర్చోనీ. కౌంటీ కమిషనర్ల మీటింగ్ ఇంకా మొదలవలేదుగా. ఏమిటా మొహం? మీ అమ్మ తిట్టిందా? పిచ్చిపిల్లా, మతి బాగాలేదని సంతకం పెట్టి ఆస్పత్రిలో వేయించినదాన్ని తిట్టక ఇంకెవర్ని తిడుతుంది? మీ అమ్మ పడుకున్న మంచం, దాని పక్క మంచం, ఆ రెండిటికీ కౌంటీ ఇక డబ్బివ్వదని ఇవాళ వీళ్ళు తీర్మానం చేస్తే, అప్పుడు ఏడుద్దువుగాని. అసలవి ఎలా వచ్చాయో తెలుసా నీకు? లవాన్ వల్ల. లవాన్ టొలెఫ్సన్, ఊరి జైలు చూసుకునే మన పాత షెరీఫ్ పెళ్ళాం. నువ్వెరగవులే, నువ్వు పుట్టకముందే పోయింది. ఇంత పొట్టి మనిషి, గొంతు మాత్రం బీట్ దుంపల పొలాల అవతలకి వినబడేది. జైలు వంట ఆవిడదే. బంగాళదుంపల రొట్టె చేసేదీ... సరే, రొట్టె సంగతి తర్వాత.

ఆ రోజుల్లో మతి చెదిరినవాణ్ణి జడ్జి ఆస్పత్రికి పంపమన్నా, అక్కడ మంచం ఖాళీ అయ్యేదాకా జైల్లోనే పెట్టేవాళ్ళు. ఎవరిదాకానో ఎందుకు, నన్నే పెట్టారు. పదకొండు రోజులు. నిద్ర లేదు, నోరు మూతపడదు. బళ్ళో లెక్కలు చెప్పుకునేవాణ్ణి, ఊరి నీళ్ళ ట్యాంకు నాకేదో చెబుతోందని కూర్చున్నాను. లవాన్ మొగుడితో అందిట, "దొంగకి వండుతాను, తాగుబోతుకి వండుతాను. జబ్బుమనిషికి జైల్లో వండను. ఇతన్ని తీసుకుపో." "ఎక్కడికి తీసుకుపోనే, మంచం లేదుగా?" "మంచానికి డబ్బివ్వనివాళ్ళ దగ్గరికి."

షెరీఫ్ కదిలితేగా. ఆవిడే నన్ను రెక్క పుచ్చుకుని, ఇదిగో, ఈ గదికే తెచ్చి కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఐదుగురు కమిషనర్లూ ఆవిడ పంపిన రొట్టెలే తింటున్నారు. "ఊళ్ళోవాళ్ళెవరైనా మాట్లాడొచ్చని మీరే రాసుకున్నారుగా, ఎల్డెన్ మాట్లాడతాడు" అంది. ఇంకేం, నాకు కావలసిందీ అదే. రెండున్నర గంటలు మాట్లాడాను. రోడ్ల గురించి, ట్యాంకు గురించి, చైర్మన్ గారి బూట్ల గురించి. ఆయనేమో "అమ్మా లవాన్, ఇతన్ని తీసుకెళ్ళు తల్లీ" అంటాడు. "ఎక్కడికి బాబూ?" అంటుంది ఈవిడ, కాఫీ పోస్తూ. వాళ్ళు లేచి పోదామంటే గుమ్మానికి అడ్డంగా ఆవిడే. నవ్వు, ఫర్వాలేదు, నేనూ నవ్వుకుంటాను. సిగ్గా? వేసింది, తర్వాత చాలా వేసింది. మొత్తానికి పొద్దు వాలకుండానే పక్క ఊరి ఆస్పత్రిలో రెండు మంచాలకి ఏటా డబ్బిస్తామని ఒప్పుకున్నారు. మాట్లాడ్డానికి మనిషికి మూడు నిమిషాలే అని గోడ మీద రాసుంది చూడు, అదీ నా పుణ్యమే.

మొదటి మంచం నాకే. వెళ్ళనని గుమ్మం పట్టుకుంటే ఇద్దరు ఎత్తుకుపోయారు. లవాన్ ఆదివారం ఆదివారం వచ్చేది. నన్ను పట్టించావు, నువ్వూ ఒక మనిషివేనా అని నోటికొచ్చినట్టు తిట్టేవాణ్ణి. ఆవిడ ఊలు అల్లుకుంటూ కూర్చునేది. ఆరో ఆదివారమో ఏడో ఆదివారమో, తిట్టడం మర్చిపోయి, పొలాల్లో మంచు కరిగిందా అని అడిగాను. ఆవిడ అల్లిక ఒళ్ళో పడేసుకుని ఏడ్చేసింది. అంత గట్టి మనిషి.

అందుకని, మీ అమ్మ తిట్టినా నువ్వు వెళ్ళడం మానకు. మాట్లాడమని నా పేరేనా పిలిచింది? పట్టుకో అమ్మా, మోకాళ్ళు బిగుసుకుపోయాయి.