పెంచలమ్మ అడిగిన ఒట్టు

పెంచలమ్మ ఉండాదే, ఆమె తన నీడని కూడా నమ్మదనుకో. అట్టాంటామె ఇంటికి ఒకరోజు టౌను కాలేజీ నించి వకుళ మేడం వొచ్చిందంట, ఇద్దురు కుర్ర డాక్టర్లని ఎంటబెట్టుకోని, కడుపుతో ఉండేవోళ్ళు ఆసుపత్రికి ఎందుకు రారో కనుక్కుందామని. ఆ మేడం సూదెయ్యదు, మందియ్యదు. మరేం జేస్తాది? డాక్టర్లు కాబొయ్యేవోళ్ళకి ఏది న్యాయం, ఏది అన్యాయం, ఎవురింట్లో ఏ ఆచారం, అదీ పాఠం జెప్తాదంట. వింటా ఉండారా? పెంచలమ్మకి అనుమానమొచ్చింది. న్యాయం చెప్పేదానికి జీతమిస్తారా ఎవురైనా, దీని ఎనకాల ఏందో ఉండాదని, నెలలు నిండిన కోడలు కామాక్షిని గొర్రెల దొడ్డి ఎనక్కి పంపేసి, మా ఇంట్లో కడుపుతో ఎవురూ లేరు, పొండి అనిందంట.

ఎందుకంటే, కామాక్షి ముందు కాన్పు ఆసుపత్రిలోనే అయింది. బిడ్డతో పడే మాయని మనం కుండలో బెట్టి పెరట్లో పూడుస్తాం గదా, ఆడ చెత్తబుట్టలో ఏసేశారు. ఏడాది తిరక్కుండానే ఆ బిడ్డ పోయింది. మాయని పారేసినందుకే పోయిందని పెంచలమ్మ ఏడుపు. మేడం పోలేదు, గడప కాడే కూలబడి, ఆసుపత్రోళ్ళు నీకేం తప్పు జేశారమ్మా అనిందంట. ఆ మాట అంతవరకూ ఎవురూ అడగలా. అడిగేసరికి ఆమెకి అనుమానం ఇంకా ఎక్కువైంది, అయినా తిడతా తిడతానే అంతా చెప్పేసింది.

ఆ తరవాత కొద్దిరోజులకే ఏమైందంటే, కామాక్షికి నొప్పులొచ్చినాయి, బిడ్డ అడ్డం తిరిగింది, మంత్రసాని నావల్ల గాదనింది. దారిలేక ఆ ఆసుపత్రికే పోయినారు. ఆపరేషన్ జేసి ఆడపిల్లని తీశారు, తల్లీ బిడ్డా బాగుండారు. మాయని పారెయ్యకండా దాచిపెట్టమని మేడం ముందే చెప్పి పెట్టిందంట, కుర్ర డాక్టరు ఒక కుండ తెచ్చి, ఇదిగో అవ్వా మీ మాయ అన్నాడు. పెంచలమ్మ మూత దీసి చూసింది, ఆ అబ్బిని చూసింది. లోపల ఇంకా శానామంది కన్నారే, ఇది మాదేనని ఏందిరా నమ్మకం? మీదే అవ్వా, ఒట్టు, అని వాడు గబగబా అనేశాడు. ఆమె పక్కనే నిలబడుండే మేడం తట్టు తిరిగి, నువ్వు చెప్పమ్మా, ఈ బిడ్డ తలమీద చెయ్యిబెట్టి ఒట్టెయ్యి అనింది. మేడం చెయ్యెత్తి, మళ్ళా దించేసిందంట. నేను కళ్ళారా చూళ్ళేదమ్మా, ఒట్టెయ్యలేను అనింది.

అదీ, ఆ మాటకి నమ్మింది పెంచలమ్మ! దొంగ ఒట్టెయ్యని మనిషి మాయని దాచిపెట్టమని చెప్పుంటే, దాచే ఉంటారు అనుకోని, కుండ ఎత్తుకోని పోయి పెరట్లో పూడ్చిందంట. ఆ పిల్ల ఇప్పుడు బడికి పోతా ఉండాది. ఈరోజుకీ ఏ డాక్టరొచ్చినా పెంచలమ్మ కూచోమని మంచమైతే వాలుస్తాది గానీ, ముందు నీకు తెలీందేందో చెప్పు నాయనా, ఆ తరవాత తెలిసింది వింటా, అంటాది. సగం మంది కూచోకండానే తిరుక్కోని పోతారనుకో.