పుట్టమ్మ తోట గింజలు

"జేజీ, ప్రొద్దుటూరులో మన కాఫీపొడి అంగడిని జేజినాయన ఎందుకు మూసేసినాడు?"

అదా… కూసో అమ్మీ, చెప్తా. మీ జేజినాయన, మా ఇంటాయన, దళారుల కాడ గింజలు కొనేటోడు కాదు. చిక్కమగళూరు కొండల్లో ఒకే ఇంటోళ్ల కాడ తెస్తాండె. మొగుడూ పెండ్లామూ, రొంత తోట. కూలోళ్లు గూడా ల్యా. పుట్టమ్మ ఆయమ్మ పేరు. ఆ గింజలు వేయిస్తే వాసన వీధి మొన దాకా కొడ్తాండె. మా చిన్నాయన, అదే, జమ్మలమడుగాయన, కాదు కాదు, పులివెందల చిన్నాయన, ఆ పొడి కోసరమే బస్సెక్కి వస్తాండె, సూడు.

నేనూ ఒకతూరి పోయినా ఆడికి. తెలీక గబగబా కాయలు పెరకబోతే పుట్టమ్మ నా చేయి పట్టుకునింది. "హణ్ణు మాత్ర, అక్కా" అనింది. పండ్లు మాత్రమే కోయాలంట. పచ్చివి కలిస్తే పొడి చెడిపోతాదంట. ఆయమ్మ మొగుడు నవ్వి, "నన్నూ ఇట్లే తిడ్తాదక్కా" అన్నాడు. శానా మంచోడు, పాపం…

ఆ తరువాత యాడాదో, రెండేండ్లో, గుర్తుల్యా. వానాకాలం. కొండ జారి తోట మీద పడింది. ఆయప్ప, పుట్టమ్మ మొగుడు, తోటలోనే ఉండె.

మీ జేజినాయన ఎంటనే పోయినాడు. గింజలు ఆరబోసే కళ్లంలో పుట్టమ్మ ఒకతే కూసోని ఉండాదంట. "మా ఊరికి రా చెల్లీ, మాతో ఉందువు" అన్నాడంట.

"ఆయన ఇంగా దొరకల్యా అన్నా. యాడికి వచ్చేది?" అనిందంట.

తిరిగొచ్చి ఇంగో వ్యాపారి కాడ గింజలు తెప్పించి వేయించినాడు. కొన్నోళ్లు ఒక్కరన్నా తేడా చెప్పల్యా. "బాగుందప్పా" అని మళ్లా వస్తాండ్రి. అది ఆయన్ను తినేసింది అమ్మీ. "వాళ్లు పండు పండూ ఏరి ఇచ్చిన దానికీ, దీనికీ ఈ జనానికి ఒకటేనా?" అని ఒకటే బాధ. ఒగనాడు అంగడికి తాళమేసినాడు. వద్దు వద్దంటే ఇన్యాడా? ఇన్ల్యా. తరువాత శానా దినాలు బతకల్యా ఆయన.

పుట్టమ్మ పోయినేడు ఫోన్ చేసింది. ఆయప్ప దొరకనే ల్యేదంట. ఆ మట్టిలోనే మళ్లా కాఫీ మొక్కలు నాటుతాండాదంట. "పార మెల్లగా యేస్తాండా అక్కా, యాడుంటాడో ఏమో" అనింది.

నువ్వూ మీ ఆయనా ఒకరి కండ్ల ముందర ఒకరు ముసలోళ్లు కాండి తల్లీ. అంతే… ఇంగేం కావాల మనిషికి…