రంగూన్ వెళ్ళిన లెక్కల కాగితాలు

త్రినాథరావు చెప్పిన కోతల్లో చాలా మటుకు మరిచిపోయాను. ఇదొక్కటి మాత్రం జారిపోకముందే రాసి పెడుతున్నాను. అరవై ఎనిమిదో, అరవై తొమ్మిదో సరిగ్గా చెప్పలేను. జూన్ నెల, బడులింకా తెరవలేదు. ఉద్దానంలో మా ఊరి రోడ్డు మీద, పలాస బస్సు ఆగే చోట మా టీ బడ్డీ ఉండేది. మా ఆయన టీ కాచేవాడు. నేను వెనక పొయ్యి దగ్గర పకోడీలు వేసేదాన్ని.

ఆ పొద్దున బల్ల మీద కొబ్బరిచెట్లెక్కే సన్యాసయ్య కూర్చున్నాడు. అతని పక్కన పొరుగూరి జీడితోట రైతు అప్పలరాజు, అతని కూతురు చంద్రకళ. ఆ పిల్ల మా హైస్కూల్లోనే తొమ్మిదో తరగతి చదివి లెక్కల్లో తప్పింది. తప్పిన పిల్లకి ఇంకా చదువెందుకని, పలాసలో జీడిపిక్కలు ఒలిచే కార్ఖానాలో పెట్టడానికి తీసుకెళ్తున్నాడు. లెక్కలన్నీ బాగానే చేశానని ఇంట్లో ఒకటే ఏడుపని, పిల్లలు అలాగే అంటారని, అతనే నాతో చెప్పాడు. చంద్రకళ బట్టల సంచీ ఒళ్ళో పెట్టుకుని బస్సు వచ్చే వైపే చూస్తూ కూర్చుంది.

అప్పుడొచ్చాడు త్రినాథరావు. హైస్కూలు ఆఫీసులో గుమస్తా. అప్పలరాజెవరో అతనికి తెలీదు. టీ చేతిలో పడటం ఆలస్యం, సన్యాసయ్య వైపు తిరిగి మొదలుపెట్టాడు.

"మనవాళ్ళకి కాగితం విలువ తెలీదు మావా. మా ఆఫీసులో ఏటి చేసేవారో తెలుసా? పాత కాగితాలన్నీ శనివారం శనివారం పెరట్లో కుప్ప పోసి అగ్గిపుల్ల గీసేవారు. చూస్తూ ఊరుకుంటానా? సరస్వతిని ఇలా తగలేస్తారా అని హెడ్మాస్టరు దక్షిణామూర్తి గారినే నిలబెట్టి అడిగేశాను. ఆయన దారి నువ్వే చూపించమన్నారు. మర్నాటికల్లా గదిగదికీ ఒక వెదురు బుట్ట పెట్టించాను. పనికిరాని కాగితం అందులోనే పడాలి. హెడ్మాస్టరైనా ఒకటే, గంట కొట్టేవాడైనా ఒకటే. ఆర్డరు నాది."

ఇంతవరకూ నిజమే. ఆ బుట్టలు మేమూ చూశాం.

"బుట్టలు నిండాయి. నిండితే ఏటి చెయ్యాలి? మా ఆవిడ ఇందుమతి ఉంది కదా. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేసే పనే, కాగితాలు నానబెట్టి, మెంతులేసి రుబ్బి, ఆ గుజ్జుని బిందె మీద అద్ది ఎండలో పెడితే తట్ట తయారు. కాకపోతే మా ఇంటి రుబ్బు వేరు, నేను దగ్గరుండి రుబ్బించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మొదటి తట్టలో హెడ్మాస్టరు గారు సుద్దముక్కలు పోసుకున్నారు. రెండోది వాళ్ళావిడ వడియాలకి పట్టుకుపోయింది. మూడోది చూడ్డానికి టెక్కలి నుంచి ఆఫీసర్లు జీపేసుకుని వచ్చేశారు."

"జీపు మాకు అగుపడనేదే బాబూ," అన్నాడు సన్యాసయ్య.

"నువ్వు చెట్టు మీద ఉండుంటావు."

"సెట్టు మీంచైతే ఇంకా బాగా అగుపడాల గదా."

అప్పలరాజు నవ్వాడు. మా ఆయనా నవ్వాడు. త్రినాథరావుకి ఆ నవ్వే కట్టెలపొయ్యిలో ఊదిన గాలి.

"తట్టలతో ఆగితే నేనెందుకు? ధాన్యం గాదె చేశాను, కాగితంతోనే. కోతలైన ధాన్యమంతా అందులోనే పోశాను. ఎలకలు వచ్చాయి, కొరికాయి, మెంతుల చేదుకి మొహాలు అటు తిప్పుకుని పక్కింటికి కాపురం మార్చేశాయి. సరే, గాదె నిలబడింది కదా అని మా పశువుల శాలకి కాగితం కప్పు వేశాను. పోయినేడు గాలివాన గుర్తుందా? ఊళ్ళో పెంకులెగిరాయి, రేకులెగిరాయి, కొబ్బరిచెట్లు వేళ్ళతో లేచాయి. మా కప్పు కదిలిందా? కదల్లేదు. గాలే చూసి చూసి పక్కకి తప్పుకుంది. ఆవు నిద్ర కూడా లేవలేదు.

"ఆ మాట బారువ రేవు దాకా పాకింది. పడవలవాళ్ళు వచ్చి, చెక్క దొరకడం లేదు బాబూ, మాకొక పడవ చేసిపెట్టమని గుమ్మంలో కూర్చున్నారు. కాదంటే ఊరుకుంటారా? గుజ్జుతో పడవ పోశాను. పైన జీడినూనె పూత పూశాను. జీడినూనె మన ఒంటికి తగిలితేనే పొక్కిపోతుంది కదా. సముద్రం మాత్రం ముట్టుకుంటుందా? వచ్చింది, వేలు పెట్టి చూసింది, చురుక్కుమంది, చెయ్యి వెనక్కి తీసేసుకుంది. పడవ నీళ్ళని తాకకుండానే పోతోంది. చేపలైతే వలలోకి రానే లేదు, తిన్నగా పడవలోకే గెంతాయి. ఎందుకో తెలుసా? మెంతుల వాసన. పులుసు అక్కడే కాగుతోందనుకున్నాయి."

సన్యాసయ్య భుజం మీద తువ్వాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు, నవ్వలేక. అప్పలరాజు బల్ల మీద ముందుకి జరిగి, తర్వాతేమైంది బాబూ అని తనే అడిగాడు. పిల్ల మాత్రం రోడ్డు వైపే చూస్తోంది.

"తర్వాతేటి, గాలి మళ్ళింది. ఒక్క కునుకు తీసి లేచేసరికి ఎదురుగా రంగూను. మా తాత రంగూను కూలికి పోయినప్పుడు ఓడలో వాంతులు చేసుకుంటూ ఎన్నాళ్ళకో చేరాడట. నేను పక్క బట్టలు కూడా మడత పెట్టలేదు. రేవులో అధికారులు మూగిపోయారు. పడవని గోటితో గీకి చూశారు, వాసన చూశారు. ఇదేం చెక్కండీ అని అడిగారు. చెక్క కాదు నాయనా, మా హైస్కూలు అన్నాను."

బడ్డీ అంతా నవ్వింది. మా ఆయన టీ పోస్తున్నవాడల్లా ఆగి, ఆటపట్టించడానికే అడిగాడు. సముద్రం దాటే పడవకి సరిపడా కాగితం మన బళ్ళో ఎక్కడిదయ్యా అన్నాడు.

త్రినాథరావుకి ఎవరైనా అలా అడ్డుపడితే ఎక్కడ లేని పౌరుషం వచ్చేది. గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"అక్కడే ఉంది నా బుర్ర. వేసవిలో బడికి సున్నాలేశారా? బీరువాల మీద కట్టలన్నీ నేలకి దించారా? కాగితం కాలికి తగిలితే కళ్ళకద్దుకునేవాళ్ళం మనం. పనికొచ్చే కాగితాన్ని ఎవడైనా నేల మీద పెడతాడా? నేల మీదుందీ అంటే, అది చెత్త కిందే లెక్క. అదీ నా రూలు. మొత్తం సంచుల్లోకి ఎత్తించి, తెచ్చి తొట్టిలో నానేశాను. మర్నాడు లెక్కల సోమేశ్వరరావు మాస్టారు చెమటలు కక్కుకుంటూ వచ్చారు. తొమ్మిదో తరగతి పరీక్ష పేపర్ల కట్ట, ఇంకా దిద్దనే లేదట, సున్నం పడుతుందని తీసి కిటికీ కింద పెట్టారట. తొట్టిలో చెయ్యి పెట్టి చూశారు. గుజ్జు. ఆయన కూలబడిపోయారు. అప్పుడు నేనేమన్నానో తెలుసా? ఏడాదంతా పాఠం చెప్పారు, ఎవరికెన్నొస్తాయో మీకు తెలీదా, కాగితం చూసి దిద్దితేనే మార్కులా అన్నాను. నేను పేర్లు చదివాను, ఆయన మార్కులు వేశారు. కరణం గారబ్బాయా, వెయ్యండి. మాస్టారి మేనల్లుడా, ఇంకో రెండు వెయ్యండి. తోటల్లోంచి వచ్చే ఆడపిల్లలా, వాళ్ళకేమొస్తాయిలెండి. పొయ్యి మీద అన్నం ఉడికేలోగా అయిపోయింది. హెడ్మాస్టరు గారికి నేటికీ తెలీదు. ఆ కట్టే మా పడవకి అడుగుభాగం. అంచేతే మునగలేదు. లెక్కలు కదా, గట్టివి."

అతను నవ్వు కోసం ఆగాడు. నవ్వు రాలేదు. నా మూకుట్లో పకోడీలు మాడుతున్నాయి, తియ్యాలని నాకు తోచలేదు. చంద్రకళ మొదటిసారి రోడ్డు మీంచి చూపు తిప్పి అతని వైపు చూసింది.

త్రినాథరావు ఆ పిల్లనీ, ఒళ్ళో సంచీనీ చూశాడు. ఎవరి తాలూకని సన్యాసయ్యని అడిగాడు.

"ఈరి గుంట బాబూ," అన్నాడు సన్యాసయ్య నెమ్మదిగా. "తొమ్మిదో తరగతి. లెక్కల్లో పోయిందని పిక్కలొలవడానికి తీసుకెల్తన్నారు."

"అయ్యో, కథ కదా," అన్నాడు త్రినాథరావు. నవ్వబోతే నవ్వు సగంలో ఆగిపోయింది. "రంగూనెక్కడ, నేనెక్కడ. అదంతా అబద్ధం."

"రంగూను మాకొద్దు బాబూ," అన్నాడు అప్పలరాజు.

పడవ కూడా అబద్ధమేనన్నాడు త్రినాథరావు. అప్పలరాజు తలూపాడు. శాల మీద కాగితం కప్పు లేదని, అది మామూలు తాటాకేనని, గాదె లేదని, జీపు రాలేదని, తట్టలు కూడా రెండే అయ్యాయని, ఒకటి వానకి తడిసి విడిపోయిందని, ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటూ వచ్చాడు. ఒక్కొక్క దానికీ అప్పలరాజు తలూపుతూనే ఉన్నాడు. అన్నీ అయిపోయాక అడిగాడు.

"కట్టో?"

త్రినాథరావు నేల చూపులు చూశాడు. ఎంతసేపు చూసినా అది అబద్ధమని మాత్రం అనలేదు.

అప్పుడే పలాస బస్సు వచ్చి ఆగింది. కండక్టరు పిలిచాడు. అప్పలరాజు కదల్లేదు. మా ఆయన చెయ్యి ఊపి బస్సుని పొమ్మన్నాడు. దుమ్ము తగ్గాక అప్పలరాజు కూతురి ఒళ్ళోంచి సంచీ తీసి తన భుజానికి తగిలించుకున్నాడు.

"నా గుంట నిజం సెప్పి ఏడిస్తే నమ్మనేదు," అన్నాడు. "మీరు కోతలు కోత్తంటే మాత్రం నోరు తెరుసుకుని కూకున్నాను. లెగండి బాబూ. హెడ్మాస్టరు గారింటికెల్దాం. ఉన్నదున్నట్టు సెప్పండి. దీనికి మల్లీ పరీచ్చ ఎట్టమనండి. రాసుకుంటాది."

చంద్రకళ లేచి నిలబడింది. ఇవాళే రాస్తానంది, అంతే.

త్రినాథరావు మొహం సున్నం కొట్టిన గోడలా పాలిపోయింది. ఉద్యోగం పోతుందని అంటాడనుకున్నాను. అది అనలేదు. గొంతు తగ్గించి అప్పలరాజుతో అన్నాడు.

"నేను చెబితే ఎవరు నమ్ముతారయ్యా? నేను నోరు విప్పితేనే దక్షిణామూర్తి గారు నవ్వుతారు. ఇది కూడా కోతే అనుకుంటారు."

అప్పలరాజు అతని చెయ్యి పట్టుకుని బల్ల మీంచి లేవదీశాడు.

"కాయితం పడవని సముద్రం దాటించేసినారు గదా బాబూ. ఈ ఒక్క మాట ఆరి గుమ్మం దాటించనేరా?"