తెలియదని చెప్పడం నేర్పిన స్వర్ణ

తల్లి చెంచమ్మగారికి, తండ్రి చిన్నపోలయ్యగారికి, పాళెం పెద్దలకు, మా ఆఫీసు మిత్రులకు నమస్కారం. ఇంత ఎండలో, చేపల వేట మానుకుని మరీ వచ్చారు. ఎవరి కోసం వచ్చామో మీకు తెలుసు. మన స్వర్ణ ఇక లేదు.

నా పేరు ఆనందకుమారి. తడ దగ్గర మా ఆఫీసులో స్వర్ణ పక్క సీటు నాది.

స్వర్ణ ఏం పని చేసేదో మీలో చాలామందికి తెలియకపోవచ్చు. వేటకు పోయిన పడవ గురించి మీరు ఫోన్లో అడిగితే జవాబు చెప్పేది మనిషి కాదు, మా ఆఫీసు నడిపే ఏఐ ఏజెంటు, తనంతట తాను చూసి చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాము. పడవ ఎక్కడుందో చూసే పనిముట్టు, అంటే టూల్, ఒకటి, గాలివాన సంగతి చెప్పే టూల్ ఒకటి, మన మత్స్యకారుల సంఘానికి కబురు పంపే టూల్ ఒకటి దానికి ఇచ్చారు. ఏది ఎప్పుడు వాడాలి, అది ఇచ్చిన జవాబుకు అర్థమేమిటి అన్నది ఎవరో ఒకరు మాటల్లో రాసిపెట్టాలి. ఏజెంటు నమ్ముకునేది ఆ మాటల్నే. ఆ మాటలు రాసేది స్వర్ణ.

ఆ పనికి ఆమె ఎందుకు వచ్చింది? అది మాత్రం మీ అందరికీ తెలుసు. ఆమె అన్న పెంచల్ వేటకు వెళ్లిన రోజును ఎవరు మరిచిపోగలరు? మధ్యాహ్నం గాలి తిరిగింది. ఇంట్లోవాళ్లు భయపడి ఫోన్లో అడిగారు. ‘పడవ ఒడ్డుకు చేరింది’ అని జవాబు వచ్చింది. చెంచమ్మగారు కొడుక్కి అన్నం వండిపెట్టి కూర్చున్నారు. పెంచల్ రాలేదు.

ఆ టూల్ గురించి అప్పట్లో రాసి ఉన్నది ఒక్క ముక్క: ‘సముద్రంలో ఉన్న పడవలను చూపిస్తుంది.’ పడవలోని సిగ్నల్ పెట్టె తడిసి ఆగిపోయింది. టూల్ ఏమీ చూపించలేదు. సముద్రంలో కనిపించలేదు కాబట్టి ఒడ్డుకు చేరి ఉంటుందని ఏజెంటు అనుకుంది. అంతే. వెతకడానికి పడవలు కదిలేసరికి పొద్దు వాలిపోయింది. పెంచల్ ఈనాటికీ దొరకలేదు.

ఎంసీఏ చదివి వేరే కంపెనీలో ఉన్న స్వర్ణ, ఆ తరువాత మా ఆఫీసు మెట్లెక్కింది. తిట్టడానికి వచ్చిందనుకున్నారట అందరూ. ఆమె అన్నది ఒకటే మాట. “ఆ రాసేదేందో నన్ను రాయనీండి సార్.”

రాసింది. టూల్ ఏం చేస్తుందో రాసింది. ఏం చేయలేదో అంతకన్నా వివరంగా రాసింది. మా మేనేజరు సుశీల్ కుమార్ గారు ఒకసారి, “ఇంత పొడుగెందుకమ్మా, ఏఐకి ఆమాత్రం తెలియదా?” అన్నారు. స్వర్ణ తల ఎత్తకుండానే చెప్పింది. “దానికి మన సముద్రం తెలవదు సార్. మనం ఏం రాస్తే అదే దానికి సముద్రం.”

నన్ను ఇప్పటికీ వెంటాడే దృశ్యం ఒకటుంది. పెంచల్ పోయిన నాటి సమాచారమంతా మా కంప్యూటర్లో అలాగే ఉంది. ఒక్కో వాక్యం మార్చినప్పుడల్లా స్వర్ణ ఆ రోజును మళ్లీ తెరిచేది. ‘పెంచల్ పడవ ఎక్కడ?’ అని అడిగేది. ‘ఒడ్డుకు చేరింది’ అనేది యంత్రం. వాక్యం మార్చేది. మళ్లీ అడిగేది. మళ్లీ అదే జవాబు. పోయిన అన్నను ఎన్నిసార్లు పోగొట్టుకుందో! పక్కన కూర్చుని చూడలేక నేను లేచి వెళ్లిపోయేదాన్ని.

ఒక సాయంత్రం జవాబు మారింది. ‘పడవ ఎక్కడుందో తెలియదు. సిగ్నల్ ఆగిపోయింది. చివరిగా కనిపించిన చోటు ఇది. సంఘానికి ఇప్పుడే కబురు పంపుతున్నాను.’ స్వర్ణ సంతోషిస్తుందనుకున్నాను. కీబోర్డు పక్కకు నెట్టి, బల్ల మీద తల వాల్చేసింది.

మొన్నటి తుఫానులో మన పాళెం కామమ్మ అక్క తన భర్త కోసం ఫోన్లో అడిగినప్పుడు వచ్చింది ఆ జవాబే. పాళెం పడవలు వెంటనే కదిలాయి. బోల్తా కొట్టిన పడవను పట్టుకుని వేలాడుతున్న మనిషిని తీసుకొచ్చారు. ఆయన ఇదిగో, ఈ ముందు వరసలోనే కూర్చుని ఉన్నారు.

అప్పటికి స్వర్ణ రక్తానికి సోకిన జబ్బుతో నెల్లూరు ఆస్పత్రిలో ఉంది. కామమ్మ అక్క చూడటానికి వెళ్లింది. దండం పెట్టబోతే స్వర్ణ చేతులు పట్టుకుని ఆపింది. “ఫోన్లో ఏం చెప్పిందక్కా? ఉన్నదున్నట్టు చెప్పు” అని అడిగింది. అక్క చెప్పింది. స్వర్ణ గోడవైపు తిరిగింది. “మాయన్న కోసం అడిగినప్పుడు కూడా ఆ మాటే చెప్పుంటే ఎంత బాగుండు” అంది. ఆ జబ్బు నుంచి ఆమె మళ్లీ లేవలేదు.

మిత్రులారా, మనం ఇక్కడ కూర్చున్న ఈ వేళ కూడా ఏ పాళెంలోనో ఎవరో ఫోన్లో అడుగుతూ ఉంటారు. యంత్రం స్వర్ణ వాక్యాలు చదువుతూ ఉంటుంది. రాసిన చెయ్యి లేదని దానికి ఎవరు చెబుతారు? నిన్న ఆ వాక్యాల్లో ఒకదాన్ని సరిదిద్దాల్సి వచ్చింది. ఆమె కుర్చీ వైపు తిరిగి, ‘ఇది మార్చొచ్చా?’ అని పైకే అడిగేశాను.

ఇక మాటలు చాలు. స్వర్ణ కోసం అందరం లేచి కాసేపు మౌనంగా నిలబడదాం. దయచేసి లేవండి.

చెంచమ్మగారూ, మీరు లేవొద్దమ్మా. మీరు కూర్చోండి. మీ బిడ్డలిద్దరి కోసం మేం నిలబడతాం.