మా బావ కలిపిన పచ్చ మిక్చర్

ఏదీ, ఆ సీసా ఇలా తే. ఆ ఆకుపచ్చదే. కళ్లజోడు లేకపోయినా రంగు తెలుస్తుందిలేవే. అబ్బ, మూత తియ్యగానే అదే ఘాటు. సీమ సారాయే, కానీ లోపల వందకి పైగా మూలికలట, నానబెట్టినవాడికైనా అన్నీ గుర్తుంటాయంటావా? మీ తాతయ్య ఉంటే దీన్ని వెలుతురుకెత్తి, తలకిందులు చేసి, అడుగున మడ్డి ఉందేమోనని చూసేవాడు. కాంపౌండర్ కదా మరి. నువ్వు పుట్టకముందే పోయాడు, నీకెలా తెలుస్తుందిలే. నాకు బావ. తెల్లచొక్కా, జేబులో రెండు కలాలు, అందులో ఒకటి ఎప్పుడూ కారేది. కూరలో ఉప్పు కూడా చిన్న త్రాసులో తూచి వేసేవాడు. మా అక్క, అదే మీ అమ్మమ్మ, ఆ త్రాసుని ఒకసారి కిటికీలోంచి విసిరేసింది. అది వేరే కథ.

ఏం చెప్తున్నా? ఆ, బావ పనిచేసే డాక్టరుగారు ముసలాయనైపోయి ఆసుపత్రి మూసేశాడు. బావకి పని పోయింది. వాళ్లన్నయ్య కబురు పెట్టాడు, "మా పిండిమరకి వచ్చెయ్ తమ్ముడూ, అందరం కలిసుందాం" అని. కలిసుండటమంటే తోడికోడలితో ఒకే వంటిల్లు. అక్క పంతం పట్టి తిండి మానేసింది. మర్నాడు తిందిలే, ఆకలికాగలేదు. అప్పుడు వీధి చివర హోటలుంది చూడు, దాని యజమానురాలు, పెద్దావిడ అనేవాళ్లం, ముప్పై ఐదేళ్లే కానీ గొంతు పెద్దది, ఆవిడ బారులో మందు కలిపే మనిషి మానేశాడు. అలమారు నిండా ఈ పచ్చ సీసాలు, ముట్టుకునే నాథుడు లేడు. బావని పిలిచి, "నీకు కలపడం వచ్చుగా? దీంతో ఓ కాక్‌టెయిల్ కలుపు. ఆదివారం ఒక్కడైనా నోరు తెరిచి ఇంకో గ్లాసు అడిగితే బారు నీది. లేదంటే నీ పిండిమర నీది" అంది.

ఇంక చూడు, వాళ్లుండేది మాతోనే, మా ఇల్లు ఇల్లు కాదు. పాలల్లో కలిపాడు, విరిగిపోయాయి. నారింజ రసంలో కలిపాడు, మా నాన్న ఓ గుటకేసి, "నాకు దగ్గు లేదు కదయ్యా అల్లుడూ" అన్నాడు. తేనెలో కలిపితే నా పళ్లు ఒకదానికొకటి అతుక్కున్నాయి. చివరికి పుదీనా మందులు నూరే కల్వంలో నూరి, నిమ్మరసం పిండి, దోసకాయ ముక్కలు వేసి, చల్లటి సోడా పోశాడు. అక్క రుచి చూసి, "ఉప్పేదీ?" అంది. ఆవిడ దేనికైనా అదే అంటుంది. బావ ఇంకో త్రాసు తీశాడు, ఎప్పుడు కొన్నాడో. ఆ రవ్వంత ఉప్పు పడిందో లేదో, నిజం చెప్తున్నా, అందరం గ్లాసుల అడుగు దాకా నాకేశాం. మా నాన్నైతే, "దగ్గొచ్చినా బాగుణ్ణు" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం. నేను హోటలు వంటగది తలుపు సందులో నిలబడ్డా, అక్క పంపింది చూసి రమ్మని. బావ పెద్ద సీసాలో కలిపి తెచ్చి, పక్కన గాట్లు పెట్టిన కాగితం పట్టీ అంటించాడు. అప్పట్లో ఆసుపత్రి సీసాలకి అంతే, గాటుకో మోతాదు. మనిషికో గాటు లెక్కన పోశాడు. మా వీధి టైలరు తాగి, కళ్లు మూసుకుని, మళ్లీ తెరిచి, "ఇంకోటి పొయ్యవయ్యా" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. బావ చేతిగడియారం చూసుకుని, "ఇప్పుడు కుదరదండి. నాలుగు గంటలాగాలి" అన్నాడు. ఇరవై ఏళ్ల అలవాటే, నోరు ఊరుకుంటుందా. "నేనేమన్నా రోగినా?" అన్నాడు టైలరు. "కాకపోతే ఇంకా జాగ్రత్తగా ఉండాలండి" అన్నాడు ఈయన. అడిగినవాళ్లందరికీ అదే జవాబు. పెద్దావిడ వచ్చి, "ఏమయ్యా, ఎవరూ ఇంకోటి అడగలేదా?" అంటే, "అందరూ అడిగారండి, నేనే వద్దన్నా" అన్నాడు, ఏదో ఘనకార్యం చేసినట్టు. ఆవిడ తల పట్టుకుని కూలబడింది. "ఇలా తగలెయ్, నేనూ చూస్తా" అంది. తాగింది. కాసేపు గ్లాసు వంక చూసి, మెల్లగా ముందుకి తోసింది. బావ గడియారం చూసి, "మీకు ఐదూ ఇరవైకండి" అన్నాడు.

అయిపోయింది, పిండిమరే అనుకున్నా. ఆవిడ తిట్టడానికి నోరు తెరిచి చుట్టూ చూసింది. ఒక్కడూ లేవలేదే! అందరూ గోడ గడియారం వైపే చూస్తూ, ఊరికే కూర్చోలేక అదీ ఇదీ తెప్పించుకు తింటున్నారు. టైలరైతే ఇంటినుంచి చొక్కాలు తెప్పించుకుని గుండీలు కుడుతున్నాడు. ఆవిడా గడియారం వైపు తిరిగింది. అక్కడే కూర్చుంది. ఐదూ ఇరవైకి రెండో గ్లాసు తాగి, "రేపెన్నింటికొస్తావ్?" అనడిగింది.

ఇంటికొచ్చేసరికి అక్క పిండిమరకి పోవడానికి పెట్టె సర్దేసింది. మొగుడి మీద అంత నమ్మకం. బావ మిగిలింది ఓ గ్లాసులో పోసిచ్చాడు. నిలబడే తాగింది. బావ మొహం చూస్తేనే బారు దక్కిందని అక్కకి తెలిసిపోయిందనుకో. గ్లాసు మళ్లీ చాపింది. బావ అలమారు మీది గడియారం చూశాడు. ఇంకేముంది, నాలుగు గంటలంటాడని నేను ముందే నవ్వేశా. బావ లేచి వెళ్లి ఆ గడియారాన్ని గోడకేసి తిప్పి, వచ్చి పోశాడు. సగం కాదు, నిండా...

ఊఁ. ఇంట్లో నిమ్మకాయలున్నాయా లేవా?