బెలార్మీనోకు పిక్క పట్టెయ్యలేదు

బ్రాన్యాసెకా ఊరి పెద్దలకూ, అమ్మలకూ, పొద్దున్నే బస్సెక్కి కొండదారిన పడి వచ్చిన నా పాత జట్టువాళ్ళకూ, ముందు వరుసలో కూర్చున్న బెలార్మీనో భార్య ఎతెల్వీనా వదినకూ నమస్కారం. నిన్న వానలో బెలార్మీనోకు మట్టి ఇచ్చాం. ఇవాళ కూడా ఇంతమంది వచ్చారు. ఇంతమందిని చూస్తే ఆయన వెనక తలుపులోంచి జారుకునేవాడు.

నా పేరు ఫెర్మీన్. ఒలీవా ఆపిల్ కల్లు దుకాణంలో సీసాల వెనక ఒక పటం ఉంది, మీరంతా చూసే ఉంటారు. అందులో గెలిచినవాడికిచ్చే తెల్ల చొక్కా వేసుకుని, చేతిలో పూలతో పళ్ళికిలిస్తున్నవాణ్ణి నేను. నా భుజం వెనక ఒక చెవీ సగం ముక్కూ కనపడతాయి చూడండి, అది మీ బెలార్మీనో. పద్నాలుగేళ్ళ వృత్తిలో ఆయన ముఖం పూర్తిగా పడిన ఫొటో నేనొక్కటి చూడలేదు. ఎప్పుడూ ఎవడో ఒకడు అడ్డం. చాలాసార్లు ఆ అడ్డం నేనే.

పద్నాలుగేళ్ళు సైకిలు తొక్కి బతికాడు. ఎన్ని పోటీలు గెలిచాడు? ఒక్కటి కూడా లేదు. కాదు, అబద్ధం చెప్పకూడదు. ఒక జాతర పోటీలో ఎండబెట్టిన పంది తొడ గెలిచాడు. దాన్నీ జట్టంతటికీ కోసి పంచాడు. నాకు ఎముక దగ్గరి ముక్క వచ్చింది. అడిగితే, "నాయకుడివి కదా, నీకు గట్టి పళ్ళుండాలి" అన్నాడు.

ఆయన పని నన్ను మొయ్యడం. వేరే మాట నాకు దొరకడం లేదు. గాలికి ఎదురు తాను ఉండి, నన్ను తన వీపు వెనక దాచేవాడు. దాహమంటే వెనక వచ్చే మా జట్టు కారు దాకా వెళ్ళి, చొక్కాలో నీళ్ళ సీసాలు కుక్కుకుని, మళ్ళీ రొప్పుకుంటూ ముందుకొచ్చేవాడు. కాస్తీల్యా ఎండల్లో ఒకరోజు అలాగే తొమ్మిది సీసాలు మోసుకొచ్చాడు. నేను ఒక గుక్క తాగి, నీళ్ళు వెచ్చగా ఉన్నాయని విసుక్కున్నాను. ఇరవై ఆరేళ్ళ పొగరు. ఆయన నావైపు చూసి, "చల్లగా కావాలంటే నా వెనకనుంచి ఇవతలికి రారా అబ్బాయ్, ఇక్కడ బోలెడు గాలి" అన్నాడు. జట్టు జట్టంతా నవ్వింది. నేను ఆ వెచ్చటి నీళ్ళే తాగాను.

అయ్యలారా, అమ్మలారా, ఆయన మంచితనం చెప్పడానికి నేను అక్కర్లేదు. రిటైరయ్యాక ఇరవై ఏడేళ్ళు ఆయన రొట్టెల వ్యానులోంచి రొట్టె తీసుకున్నవాళ్ళు మీరు. నేను వచ్చింది వేరే పనిమీద. ముప్ఫై ఒక్క ఏళ్ళ క్రితం నేను చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. అది ఈ ఊళ్ళోనే చెప్పాలి.

ఆ ఏడు ఉత్తరాది పోటీలో చివరిముందు రోజు గమ్యం బ్రాన్యాసెకా. అప్పటిదాకా అన్ని రోజుల సమయమూ కలిపితే అందరికంటే నేనే ముందున్నాను, పదకొండు సెకన్ల తేడాతో. దారి ఒకడి సొంత ఊరి మీదుగా పోతుంటే, వాణ్ణి కాస్త ముందు పోనిచ్చి ఇంటివాళ్ళను ముద్దు పెట్టుకోనివ్వడం మా ఆటలో మర్యాద. ఆయన ఆ పొద్దున నా దగ్గరికొచ్చి, "ఇవాళ మా అమ్మ మలుపు దగ్గర నిలబడుతుంది. ముద్దుతో సరిపెట్టుకోవాలని లేదురా. గెలవాలనుంది" అన్నాడు. పద్నాలుగేళ్ళలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే. వెళ్ళమన్నాను.

వెళ్ళాడు. ఎలా వెళ్ళాడు! మీరు చూశారు కదా. రోడ్డంతా సున్నంతో ఆయన పేరు రాశారు. మీ కొండ ఎక్కుతూ మిగిలినవాళ్ళందరినీ వదిలించుకుని, ఒంటరిగా, నిమిషన్నర ముందు ఆ మలుపుకొచ్చాడు. పైకి ఇంకా నాలుగు కిలోమీటర్లే.

అక్కడ ఆగిపోయాడు.

ఒక కాలు నేలమీద పెట్టి, వంగి, పిక్క పట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళమ్మ సబీనా చూస్తుండగా, ఊరంతా చూస్తుండగా. "పదరా బెలార్మీనో, పద" అని మీరు గొంతులు చించుకున్నారు. కదల్లేదు. వెనకవాళ్ళు దాటిపోయారు. పిక్క పట్టేసిందని మర్నాడు పత్రికలు రాశాయి. అప్పట్నించీ ఆయన ఈ ఊళ్ళో బెలార్మీనో కాదు, పిక్క. "ఏం పిక్కా, ఇవాళ ఎక్కగలవా?" "పిక్క వ్యాను వచ్చింది, రొట్టె తెచ్చుకోండి." మరుసటేడు ఎవరో ఆ మలుపులో పెద్ద అక్షరాలతో "పిక్క జాగ్రత్త" అని రాశారు. సున్నం వెలిసిపోతే ఆయనే బకెట్టు పట్టుకెళ్ళి మళ్ళీ దిద్దేవాడట. నవ్వుతూ.

ఆ పిక్కకు ఏమీ కాలేదు. ఆ పిక్క బంగారంలా ఉంది.

పట్టేసింది నాకు. కాలు కాదు, ఒళ్ళంతా. ఆ రోజు నేను తిండి తినలేదు. కొండ మొదట్లో తినాలని పసిపిల్లలకు కూడా తెలుసు. పక్కనే పోటీదారులున్నారు, వాళ్ళెవరూ తినడం లేదు. వాళ్ళముందు నమిలితే అలిసిపోయాననుకుంటారని, జేబులో తిండి జేబులోనే ఉంచుకున్నాను. సగం కొండకు కళ్ళు తిరిగాయి, కాళ్ళు దూదయ్యాయి. పొగమంచు ఉంది కాబట్టి ఎవరూ పసిగట్టలేదు. పసిగడితే నన్ను అక్కడే చీల్చి చెండాడేవాళ్ళు. అందుకే మా మేనేజరు కారు ముందుకు పోనిచ్చి బెలార్మీనోతో రెండు మాటలే అన్నాడు: "ఫెర్మీన్ పడిపోతున్నాడు. ఆగు, కానీ వాడికోసం ఆగినట్టు కనపడకు."

నాకోసమని కనపడకుండా ఎలా ఆగుతాడు చెప్పండి? అందుకే పిక్క పట్టుకున్నాడు.

నేను గుంపు తోకలో తూలుతూ వచ్చేసరికి పక్కన చేరాడు. వాళ్ళమ్మ అప్పుడే చేతిలో పెట్టిన అక్రోటు కజ్జికాయ నా నోట్లో కుక్కాడు. "తిను. మాట్లాడకు. నా వెనక చక్రం చూడు" అన్నాడు. నాలుగు కిలోమీటర్లు ఆ చక్రం తప్ప నేనేమీ చూడలేదు. ఆ పదకొండు సెకన్లూ నిలిచాయి. మర్నాడు తెల్ల చొక్కా నాది, పూలు నావి, ఆ పటం నాది.

మరి తర్వాత ఎందుకు చెప్పలేదు? మొదట, జట్టు రహస్యమన్నారు. తర్వాత, సిగ్గు. కొండ కింద తిండి తినని నాయకుడినని ఎలా చెప్పను? ఏళ్ళు గడిచాక, ఇప్పుడేం చెబుతాంలే అనుకున్నాను. పిరికివాణ్ణి. ఆ సాయంత్రం సబీనమ్మ కొడుకు కాలు ఒళ్ళో పెట్టుకుని రోజ్‌మేరీ ఆకు నానేసిన సారాతో గంటసేపు మర్దనా చేసింది. ఏమీ కాని కాలికి. ఆయన కళ్ళు మూసుకుని చేయించుకున్నాడు. నేను ఆ గదిలోనే ఉన్నాను. ఆ తల్లి కొడుకు ఓడిపోయాడనుకునే పోయింది. అది నేను దిద్దలేను.

పోయిన నెల ఆసుపత్రిలో ఆయన చెయ్యి పట్టుకుని, ఊళ్ళో చెప్పేస్తానన్నాను. "వద్దురా. పిక్క అంటే పలకడం అలవాటైపోయింది. వాళ్ళ సరదా చెడగొట్టకు" అన్నాడు. వదినా, ఆయన నీకూ చెప్పలేదని నిన్న సమాధి దగ్గర నీ ముఖం చూశాక తెలిసింది. నన్ను క్షమించు. పద్నాలుగేళ్ళు నా మాట జవదాటలేదు ఆయన. ఈ ఒక్క మాట మాత్రం నేను ఆయనది వినడం లేదు.

మంగలి సెవెరో, ఆ పేరు పెట్టింది నువ్వేనని నాకు తెలుసు. తల దించుకోకు. నీకెలా తెలుస్తుంది? ఆయనకు ఆ పేరంటే ఇష్టమే. నువ్వు మోసే బరువు కాదది, నాది.

ఇక ఒక్కటే అడుగుతాను. ఇలాంటి సభల్లో ఒక నిమిషం మౌనం పాటిస్తారు. ఇవాళ అది చాలదు. ఆయన ఆ మలుపులో నాకోసం నిలబడింది ఒక నిమిషం నలభై సెకన్లు. సొంత ఊళ్ళో, కన్నతల్లి ముందు, గెలుపు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉండగా, పెదవి విప్పకుండా. అది ఎంత పొడుగో నిలబడితే తప్ప తెలియదు.

గడియారం నేను చూస్తాను. దయచేసి అందరూ లేవండి.