పైకెక్కిన గీత

ఇంగ్లండులోని డర్హం జైలు, 1880 ఫిబ్రవరి, ఒక మధ్యాహ్నం. కటకటాల లోపల ఓడ కళాసీ రూబెన్ థర్ల్‌వెల్, బయట అతని భార్య హెస్టర్. తలుపు దగ్గర స్టూలు మీద వార్డరు.

"తాగానని రాశారా? నేనా?"

"మెల్లగా, రూబెన్."

"చాపెల్లో అందరి ముందూ నిలబడి మందు ముట్టనని మాటిచ్చినవాణ్ణి. ఎనిమిదేళ్ళయింది. నువ్వూ పక్కనే ఉన్నావుగా."

"ఉన్నాను. నువ్వు తాగావంటే ఎవరు నమ్ముతారులే. ఊరికే కాగితం మీద మాట."

"మళ్ళీ చదువు. మొదట్నుంచీ."

"మార్జరీ ఫెన్విక్ ఓడ కళాసీనైన నేను తాగిన మత్తులో ఓడెక్కనని మొరాయించాను. ఓడలో సరుకు ఉండాల్సినంతే ఉంది. ఓడ పక్కనున్న బరువు గీత ఎప్పుడూ ఉన్నచోటే ఉంది, దాన్నెవరూ కదపలేదు. అంతే. కింద నీ సంతకం. ఓడ సొంతదారు దొర పంపిన గుమాస్తా బయటే నిలబడ్డాడు. నువ్వు సంతకం పెడితే దొర మేజిస్ట్రేటుతో మాట్లాడతాడట. రేపు పొద్దున్నే వదిలేస్తారట."

"ఎవరూ కదపలేదా? ఆ గీత పైన గీసిందెవరు, హెస్టర్?"

"నాకు తెలుసు."

"నేను. ఈ చేత్తో. చెక్క పలక మీద కూచోబెట్టి ఓడ పక్కగా తాళ్ళతో దించారు. ఓడ లోపల అడుగున రైలు పట్టాలు, పైన బొగ్గు. గీత మునిగితే బరువు మించినట్టే; పాత గీత అప్పటికే నీళ్ళకింద. 'అడుగున్నర పైన ఇంకోటి గియ్యి' అన్నాడు కెప్టెన్ కిందుండే మేటు. గీశాను."

"గీయకుండా ఉండాల్సింది."

"చెప్పిన పని చెయ్యడమేగా తొమ్మిదేళ్ళుగా నేర్చుకున్నది. పలక మీద కూచున్నవాడికి ఎదురుగా ఇనప రేకు తప్ప ఏం కనిపిస్తుంది? దిగి, రేవులో నిలబడి చూశాక తెలిసింది. ఓడని తేల్చలేక గీతని తేల్చారు."

"ఆ మాటేదో కోర్టులోనే చెప్పాల్సింది."

"'గీత నీళ్ళకి పైనే ఉందిగా, నీకేం భయం?' అన్నాడు మేజిస్ట్రేటు. గీసింది నేనేనని ఎలా చెప్పను? 'ఓడెక్కుతావా, పన్నెండు వారాలు లోపలుంటావా?' అన్నాడు. ఉంటానన్నాను."

"మూడు వారాలకే ఇలా అయ్యావు. ఆ వేళ్ళేమిటి?"

"పాత మోకులు పీకి నార తియ్యాలి. తారు పట్టి రాయిలా ఉంటాయవి. తమాషా ఏంటంటే, కొన్ని మన రేవు మోకులే అనిపిస్తాయి."

"దగ్గు తగ్గిందా?"

"తగ్గింది."

"రూబెన్."

"నిన్న కాస్త ఎర్రగా పడింది. పక్క గదిలోవాడికీ అలాగే పడేది."

"వాడికిప్పుడెలా ఉంది?"

"సోమవారం తీసుకెళ్ళిపోయారు, దుప్పటి కప్పి. సరేగాని, ఆ నల్ల గౌనెవరిది?"

"పక్కింటావిడది. ఏడో నెల, నావేవీ పట్టట్లేదు. సంతకం పెట్టు."

"ఇన్నాళ్ళూ గుర్తురానివాణ్ణి దొరకి ఇవాళెందుకు గుర్తొచ్చాను?"

"దొరల బుద్ధి మనకేం తెలుసు."

"స్పెయిన్‌లో బిల్బావో చేరిందా మన ముసలి ఓడ?"

"నాకేం తెలుసు."

"రేవులో ఎవరూ అనుకోలేదా?"

"ఈ కడుపేసుకుని రేవుకెక్కడ వెళ్తాను?"

"పాపం, కొత్తలో ఎంత బుద్ధిగా ఉండేదో. బొగ్గు మోసుకుని వెళ్ళేది, ఇనప రాయి మోసుకుని వచ్చేది, బండెద్దులా. దొరకి ఆశ పుట్టి నడుం దగ్గర రెండుగా కోయించాడు. మధ్యలో నలభై అడుగులు అతికించి ఇంకా ఎక్కువ మోయమన్నాడు. అప్పట్నుంచీ కెరటమెక్కితే మూలిగేది. పడుకుంటే వీపు కింద తెలిసేది నాకు."

"దాని సంగతి ఇప్పుడెందుకు?"

"ఇంకెప్పుడు? ఇవాళ నేను సరిగ్గానే ఉందని రాసిస్తే వచ్చే ట్రిప్పుకీ అంతే వేస్తారు. అందులో ఇరవై రెండు మందున్నారు. మీ అన్న కూడా."

"అన్నయ్య మాట తేకు."

"తెస్తాను. 'చస్తే ఎక్కం' అని మొదట అన్నది ఏమోస్ బావే. మేజిస్ట్రేటు కళ్ళెర్రజేస్తే పిల్లిలా వెళ్ళి ఎక్కాడు. రానీ, అడుగుతాను, మగాడివేనా అని."

"వాణ్ణేమీ అనకన్నానా."

"ఏడుస్తున్నావా?"

"జలుబు."

"ఇంకో ఐదు నిమిషాలమ్మా."

"అలాగే, వార్డరుగారూ. రూబెన్, నీకు దణ్ణం పెడతాను. బిడ్డ పుట్టేసరికి నువ్వు దుప్పటి కింద ఉంటే నేనేం చెయ్యను?"

"వాళ్ళు తిరిగొచ్చాక మొహమెలా చూపించను?"

"తిరిగొచ్చినప్పుడు చూద్దాం."

"బావకి నువ్వే చెప్పాలి. నీకోసమే పెట్టానని."

"చెబుతాను."

"కోప్పడతాడు."

"కోప్పడడు. ఇదిగో, కలం. వార్డరుగారూ, ప్రమాణం మీరే చేయించాలట."

"కుడి చెయ్యి బైబిలు మీద పెట్టు, థర్ల్‌వెల్. ఇందులో రాసిందంతా నిజమని దేవుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నావా?"

"చేస్తున్నాను."

"పేరు ఇక్కడ. ఊఁ. గుమాస్తాకి ఇచ్చొస్తాను. మీరు కానివ్వండి."

"అయిపోయింది, హెస్టర్. ఇహ నవ్వు. రేపు ఇంట్లో నీ చేతి బఠాణీ గుజ్జు తింటాను. ఏంటలా చూస్తావు?"

"ఓడ పోయింది, రూబెన్."

"ఏ ఓడ?"

"మనదే. రేవు దాటిన రెండో రోజే, ఫ్లాంబరో కొండల ముందర. గాలికి బొగ్గంతా ఒక పక్కకి జరిగిందట. అతుకు దగ్గరే విరిగిందట. ఒడ్డుమీంచి జనం చూశారు."

"ఎంతమంది బతికారు?"

"ఎవరూ బతకలేదు. అన్నయ్య గురువారం ఒడ్డుకొచ్చాడు. వదినా నేనూ వెళ్ళి గుర్తుపట్టాం."

"వార్డరుగారూ! ఆ కాగితం ఆపండి. వార్డరుగారూ!"

"గుమాస్తా బండెక్కేసి ఉంటాడు. ఓడ ఎందుకు మునిగిందని మంగళవారం విచారణ. గీత కదిలిందని చెప్పగలిగినవాడివి నువ్వొక్కడివే మిగిలావు. అందుకే గుర్తొచ్చావు దొరకి."

"లేచి నిలబడి చెబుతాను. అబద్ధమని చెబుతాను."

"బైబిలు మీద చెయ్యి పెట్టావు. కాదంటే దొంగ ప్రమాణమని మళ్ళీ ఇక్కడే పడేస్తారు. ఈసారి వారాలు కాదు, ఏళ్ళు."

"నీ తోడబుట్టినవాడే. నీ చేత్తో ఎలా తెచ్చావే దీన్ని?"

"దార్లో రెండుసార్లు చింపబోయాను."

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే సంతకం పెట్టేవాడివా?"

"చచ్చినా పెట్టేవాణ్ణి కాదు."

"తెలుసు. ఇంటికి ఒక శవం చాలనుకున్నాను."